కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై ఎందుకు తెగుతోంది: నా పరీక్షల లాగ్

శుక్రవారం రాత్రి

కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై నిలకడగా ఉండటం లేదు. వీడియో కాల్ బిగుసుకుపోతుంది, పేజీ సగంలో ఆగుతుంది, కాసేపటికి దానంతట అదే సర్దుకుంటుంది. ఫోన్‌లో మాత్రం అంతా బాగానే ఉన్నట్టుంది. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొన్ని గంటలు హాయిగా నడుస్తుంది, తర్వాత మళ్లీ మొదలు. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చే గడువు ఇంకా ఉంది కాబట్టి, లోపం దానిదా రౌటర్‌దా అన్నది ముందు తేల్చాలి. అందుకే సెట్టింగులేవీ ముట్టుకోకుండా కొలతలతో మొదలుపెట్టాను. నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

రెండు కమాండ్ విండోలు పక్కపక్కన తెరిచాను. ఒకదానిలో రౌటర్‌కి పింగ్ (చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండ్), రెండోదానిలో ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్. చివర హైఫన్, టి అక్షరం పెడితే మనం ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. రౌటర్ అడ్రస్ కావాలంటే ఐపీకాన్‌ఫిగ్ కొడితే చాలు, డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపిస్తుంది. చాలా రౌటర్లకు అది 192.168.1.1 లేదా 192.168.0.1. రెండో విండో మాత్రమే ఆగితే ఇంటర్నెట్ లైన్‌ని అనుమానించాలి. రెండూ కలిసి ఆగితే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే ఏదో జరుగుతున్నట్టు.

రెండూ కలిసే ఆగాయి. అయితే ఆగిన తీరులో తేడా ఉంది. ఎక్కువసార్లు ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వచ్చింది, అక్కడక్కడా వరుసగా ‘జనరల్ ఫెయిల్యూర్’ అని పడింది. మొదటిది వస్తే కనెక్షన్ ఉన్నా జవాబు రాలేదని. రెండోది వస్తే ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డుకి అసలు కనెక్షనే లేదని. ఈ ఒక్క తేడా చూశాకే, ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు అయ్యుండొచ్చు అనిపించింది.

శనివారం

ముందు ఫోన్ సంగతి. ఫోన్ బాగానే ఉందనడానికి మనకున్న సాక్ష్యం బలహీనమైనది, ఎందుకంటే వైఫై పోగానే ఫోన్ మొబైల్ డేటాకి మారిపోతుంది, మనకు తెలియనే తెలియదు. మొబైల్ డేటా ఆపేసి, ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి చూశాను. ల్యాప్‌టాప్‌లో ‘జనరల్ ఫెయిల్యూర్’ పడిన సమయంలోనే ఫోన్‌లో కూడా వైఫై గుర్తు మాయమై మళ్లీ వచ్చింది. అంటే ఆ జబ్బు రౌటర్‌ది. ల్యాప్‌టాప్ వెనక్కి పంపాలన్న ఆలోచన ఇక్కడే పక్కన పెట్టాను.

అయినా ల్యాప్‌టాప్ యాంటెన్నా ఒకసారి చూడాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండు సన్నటి వైర్లు వైఫై కార్డు నుంచి బయల్దేరి, హింజ్ గుండా స్క్రీన్ అంచు దాకా వెళ్తాయి. వాటిలో ఒకటి వదులైతే రౌటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ తక్కువ చూపిస్తుంది. వారంటీలో ఉన్న మెషిన్ విప్పక్కర్లేదు. రౌటర్‌కి ఓ మీటరు దూరంలో కూర్చుని ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్’ కమాండ్ ఇస్తే సిగ్నల్ శాతం, బ్యాండ్ (వైఫై నడిచే రేడియో పట్టీ, నా రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు), అందులోని ఛానెల్, స్పీడు అన్నీ వస్తాయి. విండోస్ చూపే శాతాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేస్తే సుమారుగా డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) వస్తుంది: 80 శాతం అంటే మైనస్ 60. వీడియో కాల్‌కి మైనస్ 67 దాకా ధైర్యంగా ఉండొచ్చు, మైనస్ 80 దగ్గర కష్టం. నా దగ్గర రౌటర్ పక్కన 99 శాతం వచ్చింది. యాంటెన్నా బాగుంది.

పవర్ సేవింగ్ కూడా ఇవాళే చూసేశాను. చార్జర్ తీసేస్తే రౌటర్ పింగ్ 3 మిల్లీసెకన్ల నుంచి ఒక్కోసారి వంద దాటుతోంది. రౌటర్ మామూలుగా సెకనుకి పదిసార్లు బీకన్, అంటే ‘నేనున్నాను’ అనే చిన్న సంకేతం, పంపుతుంది. బ్యాటరీ ఆదా కోసం కార్డు మధ్యలో నిద్రపోయి బీకన్ వేళకి లేస్తుంది, అందుకే ఆలస్యం వంద చుట్టూ తిరుగుతుంది. పవర్ ప్లాన్‌లో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్‌ని మ్యాగ్జిమమ్ పర్ఫార్మెన్స్‌కి మార్చాను (కొన్ని కొత్త మోడళ్లలో ఈ ఆప్షన్ కనిపించదు). ఆలస్యం తగ్గింది కానీ తెగడం తగ్గలేదు. డ్రైవర్ కూడా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి కొత్తది వేశాను, తేడా ఏమీ లేదు.

ఆదివారం

ఇవాళ్టి పని నాకు చాలా తృప్తినిచ్చింది.

విండోస్ తనంతట తనే వైఫై చరిత్ర రాసిపెడుతుంది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్’ అంటే, గత మూడు రోజుల రిపోర్ట్‌ని ఒక పేజీగా తయారుచేసి ఎక్కడ పెట్టిందో చెబుతుంది. ఏ నిమిషంలో తెగింది, ఏ కారణం నమోదైంది, మళ్లీ ఎప్పుడు కలిసింది, అన్నీ గ్రాఫ్‌తో సహా ఉంటాయి. అందులో తెగిన వేళలన్నీ కాగితం మీద రాసుకుని, రౌటర్ అడ్మిన్ పేజీలో సిస్టమ్ లాగ్ తెరిచి పక్కన పెట్టాను. ప్రతి పెద్ద తెగుడు దగ్గరా రౌటర్ లాగ్‌లో ఒకే మాట ఉంది: రాడార్ కనిపించింది, ఛానెల్ మారుస్తున్నాను.

5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లను వైఫై, రాడార్లతో పంచుకుంటుంది. రౌటర్ అక్కడ మొదలుపెట్టే ముందు కనీసం ఒక నిమిషం మౌనంగా వినాలి. రాడార్ లాంటి సంకేతం వినపడితే వెంటనే ఖాళీ చేసి, అరగంటపాటు ఆ ఛానెల్ జోలికి వెళ్లకూడదు. నా రౌటర్ ఛానెల్ సెట్టింగ్ ఆటోలో ఉంది, అది 100ని ఎంచుకుని కూర్చుంది. నిజమైన రాడారో, మరేదైనా సంకేతాన్ని రాడార్ అనుకుందో, ఏదైనా నియమం ఒకటే.

మరి రీస్టార్ట్ చేస్తే ఎందుకు బాగుపడుతోంది? ఈ ప్రశ్న నన్ను మొదటి నుంచీ తొలుస్తోంది. రిపోర్ట్‌లోనే సమాధానం దొరికింది. 5 తెగగానే ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్‌కి దిగిపోతోంది, రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే వైఫై పేరు ఉంది కదా. దిగాక మళ్లీ పైకి ఎక్కడం లేదు. రీస్టార్ట్ చేసినప్పుడల్లా తిరిగి 5లో చేరుతోంది.

2.4లో ఉన్నా వాడుకోగలగాలి కదా? అక్కడ ఉంది రెండో జబ్బు. ‘టైమ్డ్ అవుట్’లన్నీ ల్యాప్‌టాప్‌కి నా యూఎస్‌బీ 3 బ్యాకప్ డిస్క్ గుచ్చి ఉన్న సమయంలోనివే. యూఎస్‌బీ 3 పరికరాలు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. పరీక్ష సులువు. 2.4లో ఉండి, పింగ్ నడుపుతూ డిస్క్ గుచ్చి ఫైల్ కాపీ మొదలుపెట్టాను. పింగ్ 4 నుంచి 60కి, 200కి ఎగిరి, తర్వాత జవాబులే ఆగిపోయాయి. అదే క్షణంలో వైర్‌లెస్ మౌస్ బాణం కూడా ముక్కలు ముక్కలుగా కదిలింది, ల్యాప్‌టాప్‌కి గుచ్చే దాని చిన్న రిసీవర్ (డాంగిల్) కూడా 2.4లోనే పనిచేస్తుంది మరి. డిస్క్ తీయగానే రెండూ మామూలయ్యాయి. మళ్లీ గుచ్చాను, మళ్లీ అదే. 5లో ఉన్నప్పుడు ఇదే కాపీ చేస్తే పింగ్ కదల్లేదు.

సోమవారం

చేసిన మార్పులు ఇవి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఛానెల్ ఆటో తీసేసి 36కి కట్టేశాను. 36 నుంచి 48 వరకు ఈ రాడార్ గొడవ లేదు. 2.4ని 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఛానెల్ 1కి పెట్టాను. అక్కడ ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచేవి 1, 6, 11 మాత్రమే, మా చుట్టుపక్కల 6, 11 కిక్కిరిసి ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్, వైఫై కార్డు, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్‌ని 5గా ఎంచాను. అన్ని కార్డుల్లోనూ ఈ వరుస ఉండదు. లేకపోతే రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, ల్యాప్‌టాప్‌ని 5కే కలిపితే సరిపోతుంది. డిస్క్‌ని పొడవైన, మంచి షీల్డింగ్ ఉన్న కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి దూరంగా జరిపాను.

ఇప్పుడు రాత్రంతా నడిపిన పింగ్‌లో ‘జనరల్ ఫెయిల్యూర్’ ఒక్కటీ లేదు.

మిగిలిన పని వెనక గది. అక్కడ 5 సిగ్నల్ 52 శాతం, అంటే మైనస్ 74. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా ఉన్నాయి. గోడ దాటేటప్పుడు 2.4 కంటే 5 ఎక్కువ నీరసపడుతుంది. ముందు రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి షెల్ఫ్ పైన పెట్టి కొలుస్తాను. మైనస్ 67కి రాకపోతే ఆ గదికి ఈథర్నెట్ కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ (వైఫై ప్రసారం చేసే పెట్టె) పెట్టాలి. దాన్ని 36కి దూరంగా ఏ ఛానెల్‌లో ఉంచాలో ముందే చూసుకోవాలి.