కోటి ప్రశ్న ముందు 3 లక్షల 20 వేలు

ఎన్టీఆర్ 2021లో చేసిన 'ఎవరు మీలో కోటీశ్వరులు'లో 15 ప్రశ్నలు. 14 దాటితే 50 లక్షలు. పదిహేనోది తప్పితే పదో ప్రశ్న దగ్గరి మెట్టుకి, అంటే 3,20,000కి జారిపోతారు. టీవీ ముందు పల్లీలు తింటూ చూసేవాళ్లు "ఆడేయొచ్చు కదా" అంటారు. పోయేది వాళ్ల 46,80,000 కాదు మరి.

ఆడాలా వద్దా అన్నది తేల్చే లెక్క చిన్నదే. చేతిలో ఉన్నదాంట్లోంచి తప్పితే మిగిలేది తీసేయండి. గెలిస్తే వచ్చేదాంట్లోంచీ అదే తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. కోటి ప్రశ్నకి 46.8ని 96.8తో భాగిస్తే 48 శాతం వస్తుంది. మీ జవాబు మీద అంతకంటే తక్కువ నమ్మకం ఉంటే క్విట్, అంటే చేతిలో ఉన్న డబ్బుతో లేచిపోవడమే.

ఇదే లెక్క కింది మెట్ల మీద వేస్తే సంగతి మారుతుంది. 3,20,000 దగ్గర క్విట్ అవడంలో అర్థం లేదు. తప్పినా అది పోదు కాబట్టి పదకొండో ప్రశ్నకి కళ్లు మూసుకుని అయినా ఏదో ఒకటి చెప్పాల్సిందే. 6,40,000 నుంచి 12,50,000కి వెళ్లాలంటే 34 శాతం నమ్మకం చాలు. 1,60,000 దగ్గరైతే లెక్క ప్రకారం 48 వస్తుంది కానీ, గెలిస్తే పదకొండో ప్రశ్న ఊరికే ఆడే అవకాశం కూడా కలిసొస్తుంది. దాన్నీ కలుపుకుంటే 38 దగ్గరికి దిగుతుంది. ఇక్కడే భయపడి లేచిపోతే ఆ అవకాశం పోతుంది.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఇంకో చిక్కు. తెలంగాణ గ్రూప్స్‌లో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి బబుల్ ఖాళీగా వదలకూడదని చేతికి అలవాటైపోతుంది. సివిల్స్ ప్రిలిమ్స్‌లో తప్పుకి మూడో వంతు కోత. పై లెక్కే వేస్తే అక్కడ 25 శాతం నమ్మకం చాలు. హాట్ సీట్‌లో చివరి ప్రశ్నకి కావాల్సింది దానికి దాదాపు రెట్టింపు. చేతి అలవాటుతో లాక్ చేయించకండి.

ఇక పన్ను. ఇలాంటి గెలుపు మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. మినహాయింపులేవీ పనిచేయవు, బేసిక్ లిమిట్ కూడా. వేరే ఆదాయం లేనివారికి 50 లక్షల్లో 34,40,000 మిగులుతుంది. కోటి దగ్గర 10 శాతం సర్‌ఛార్జీ పడి 65,68,000 మిగులుతుంది. అంటే కోటి గెలిస్తే చేతికి రెట్టింపు రాదు, అందుకే 48 కాస్తా 51 అవుతుంది.

అదీ డబ్బుని ఒట్టి అంకెలుగా చూస్తేనే. డబ్బు రెట్టింపైన ప్రతిసారీ సుఖం ఒక్కో మెట్టు పెరుగుతుందనుకుని లెక్కేస్తే, ఇంటి ఆస్తి మొత్తం 10 లక్షలున్నవారికి 71 శాతం నమ్మకం కావాలి. 50 లక్షలుంటే 60, రెండు కోట్లుంటే 54. ఇంటి అప్పు నడుస్తుంటే దాన్ని ఆస్తిలోంచి తీసేసే లెక్కేయండి. ఈ అంకె షూటింగ్‌కి ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. లైట్ల కింద, ఆ మ్యూజిక్‌లో భాగాహారాలు కుదరవు.

అసలు కష్టం రెండో అంకెది: మీకు నిజంగా ఎంత శాతం తెలుసు? ఉదాహరణకి, హుస్సేన్‌సాగర్ ఎవరి కాలంలో కట్టారు? ఆప్షన్లు: మహమ్మద్ కులీ, ఇబ్రహీం కులీ, అబ్దుల్లా, తానాషా. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ పేరు చూడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది. 80 శాతం అనిపిస్తుంది. కానీ అది పేరు పరిచయమే, జవాబు తెలియడం కాదు. నగరం 1591 నాటిది, చెరువు 1560ల్లోది. అప్పుడు గోల్కొండ ఏలినవాడు ఇబ్రహీం కులీ. పురానాపూల్ కూడా ఆయన కాలానిదే, 1578. ఆప్షన్లు పడకముందే జవాబు నోట్లోకి వచ్చిందా, లేక వాటిని చూశాక "ఆ, ఇదే" అనిపించిందా? రెండోదైతే మీరనుకున్న శాతంలోంచి 20 కోసేయండి.

ఆ కోత మీకు ఎంత ఉండాలో తెలియాలంటే ఇంట్లో ఓ 200 ప్రశ్నలు చేయండి. ప్రతి జవాబు పక్కన 50, 60, 70, 80, 90 అని రాసుకోండి. తర్వాత 80 అని రాసినవన్నీ తీసి చూడండి. వాటిలో అరవై శాతమే కరెక్టయితే, మీ నోట 80 అంటే 60 అన్నమాట. 1972 నుంచి హైదరాబాద్‌లో ఉన్న కె-సర్కిల్ లాంటి క్విజ్ క్లబ్బుల్లో ఆడితే ఇది త్వరగా బయటపడుతుంది.

50-50 గురించి ఒక మాట. మూడు తలుపుల పజిల్ (మీరొక తలుపు ఎంచుకున్నాక, బహుమతి లేని ఇంకో తలుపుని హోస్ట్ తెరిచి చూపించి, మారతారా అని అడుగుతాడు) చదివినవాళ్లు "మిగిలిన రెండోదానికి మారాలి" అంటారు. ఇక్కడ అది వర్తించదు. కంప్యూటర్ రెండు తప్పుల్ని లాటరీ తీసినట్టు తీసేస్తే, మీరు 60 శాతం నమ్మినది మిగిలినప్పుడు అది 82కి పెరుగుతుంది. తీసేవాటిని ముందే ఎంచి, ఊరించే తప్పుని కావాలనే ఉంచితే మాత్రం అంత పెరగదు. ఫ్రెండ్‌కి కాల్ చేస్తే ఆ అర నిమిషంలో జవాబుతోపాటు "ఎంత శాతం?" అని తప్పకుండా అడగండి. "అదే అనుకుంటా బ్రో" అంటే అది 50.

గెలిస్తే ఇంకొకటి. ఛానల్ ముందే కోసేది 30 శాతమే. సెస్సు, సర్‌ఛార్జీ మీరే కట్టాలి. కోటి మీద అది 4,32,000. దాన్ని అడ్వాన్స్ ట్యాక్స్ కింద కట్టాకే శంకర్‌పల్లి ప్లాటు సంగతి చూడండి.