నా ఎడమకాలు, వేళ్ల సందులు

కోనసీమలో కాలువగట్టున పుట్టి పెరిగిన నాకు బోదకాలు తెలియని జబ్బు కాదు. మా వీధిలోనే ఇద్దరు పెద్దవాళ్లు వాచిన కాళ్లు చాపుకుని అరుగుల మీద కూర్చుని ఉండేవారు. అయినా నా ముప్పై ఎనిమిదో ఏట ఎడమకాలి వెండిపట్టీ కొక్కెం అందనప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. అంతకు రెండేళ్ల ముందునుంచీ ఉన్నట్టుండి వణుకుతో జ్వరం వచ్చేది, గజ్జల్లో బిళ్ళ కట్టేది, కాలు ఎర్రబడి మండేది, నాలుగు రోజులకు తగ్గిపోయేది. అమావాస్యకూ పున్నానికీ వచ్చే జ్వరమని మా అత్తగారు అనేవారు. ఊళ్లో నేను చూపించుకున్న డాక్టరు ప్రతిసారీ ఇంజక్షన్ చేసి పంపారే గాని, కాలివేళ్ల సందులు ఒక్కసారైనా చూడలేదు. ఆ రెండేళ్లు పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ నా చీలమండ పైన బొటనవేలితో నొక్కిపట్టి వదిలారు. పడిన గుంట చాలాసేపటికి గాని పూడలేదు. ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని బట్టి, సన్నటి రక్తనాళాల నుంచి కణాల మధ్యకు ఊరిన ద్రవంలో రోజుకు సుమారు 3 లీటర్లను శోషరస నాళాలు పోగుచేసి, ఎడమ మెడకింద పెద్ద సిరలో కలుపుతాయి. వీటికి గుండెలాంటి పంపు లేదు. నాళాల గోడలు ముడుచుకోవడం, పిక్కల కదలిక, ఊపిరి, వెనక్కి జారనివ్వని కవాటాలు, ఇవే ఆ ద్రవాన్ని పాదం నుంచి పైకి చేరుస్తాయి. దారిలో గజ్జల్లోని గ్రంథులు దాన్ని వడపోస్తాయి. నాకు కట్టిన బిళ్ళ, సూక్ష్మజీవులతో పోరాడుతూ ఉబ్బిన అలాంటి గ్రంథే.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారా చేరిన, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులు ఈ నాళాల్లోనే ఏళ్లతరబడి బతుకుతాయి. వాటివల్ల నాళాలు సాగిపోతాయి, కవాటాలు సరిగా మూసుకోవు, ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది. వాటి పిల్లలు రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి కనుక, పది దాటాక నా వేలికొన నుంచి రక్తం తీశారు. అందులో ఏమీ కనిపించలేదు. కాలు వాచేనాటికి చాలామందికి అలాగే ఉంటుందట. బోదకాలు రాకుండా ఏటా ఇంటికి తెచ్చి ఇచ్చిన మాత్రలను నేను మింగకుండా గూట్లో పెట్టానని ఆమెకు చెప్పేటప్పుడు నా గొంతు పెగల్లేదు.

మాత్రలు, యాంటీబయాటిక్ అయ్యాక అసలు వైద్యం ఇంట్లోనే మొదలైంది. జ్వరాలకు కారణం వేళ్ల సందుల్లో నాని తెల్లబడిన చీలికలనీ, వాటి గుండా సూక్ష్మజీవులు లోపలికి పోతున్నాయనీ ఆమె చూపించారు. ఆనాటి నుంచి ప్రతి రాత్రీ టబ్బులో కాలు పెట్టి, సబ్బు నురుగుతో రుద్దకుండా కడిగి, పాత పంచె ముక్కను మెలిపెట్టి ఒక్కొక్క సందులో దూర్చి, తడి పూర్తిగా పోయేదాకా అద్ది, చీలిక కనబడితే మలాము రాస్తున్నాను. మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టించుకున్నాను. కూర్చున్నప్పుడల్లా మడమలు ఎత్తి దించుతాను.

మొదటి ఏడాది రెండుసార్లు జ్వరం వచ్చింది. తరువాతి మూడేళ్లలో ఒక్కసారీ రాలేదు. చీలమండ చుట్టుకొలత 31 సెంటీమీటర్ల నుంచి 27కు దిగింది. కుడికాలిది 23, అంతదాకా ఇది రాదని డాక్టరమ్మ ముందే చెప్పారు. మొన్న వానల్లో నాలుగోవేలి సందు మళ్లీ నానింది. ఆ రాత్రే చూసుకుని మందు రాశాను, వారానికి చర్మం పట్టింది.