సువోరోవ్ చేరని జూరిక్

పొద్దున్నే జూరిక్‌లో ట్రైన్ ఎక్కి, గోషెనెన్‌లో దిగి, పళ్ల చక్రం పట్టుకుని కొండెక్కే బుల్లి రైలు మారి ఆండర్‌మాట్ చేరాం. మొత్తం రెండు గంటలు. అక్కడి నుంచి షోలెనెన్ లోయలోకి నడక, రష్యన్ సేనాని సువోరోవ్ పేరున్న స్మారకం చూడాలని. ‘ఇంతదూరం ఒక శిలువ చూడటానికా మామయ్యగారూ, కేబుల్ కార్ ఎక్కొచ్చు కదా’ అని మా అల్లుడు దారిపొడుగునా సణిగాడు.

లోయ చాలా ఇరుకు. రెండు వైపులా గోడల్లాంటి నల్లరాళ్లు, మధ్యలో రొయిస్ నది హోరు. పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. బండమీద ఎర్రరంగుతో దయ్యం, మేక బొమ్మలు వేసి ఉన్నాయి. వంతెన కట్టినందుకు మొదట దాటే ప్రాణం తనకివ్వాలని దయ్యం బేరం పెడితే, ఊరివాళ్లు మేకను తోలేశారట. అందుకే ఇది దయ్యం వంతెన. సువోరోవ్ నాటి వంతెన 1888లో కూలిపోయింది. ఇప్పుడున్నవి 1830 నాటిదొకటి, 1958 నాటిదొకటి.

పాత వంతెన మీద నిలబడితే నీటి తుంపర కళ్లద్దాల మీద పడింది. తుడుచుకుని కిందికి చూశాను, వెంటనే తల తిప్పేసుకున్నాను. 1799 సెప్టెంబరు 25న ఫ్రెంచివాళ్లు ఇక్కడ దారి తెంపేస్తే, రష్యన్ సైనికులు దగ్గర్లోని కొట్టం పీకి, దుంగల్ని అధికారుల నడికట్లతో కట్టి, తుపాకి గుళ్ల మధ్య దాటారు. వాళ్లను నడిపించిన అలెగ్జాండర్ సువోరోవ్‌కి అప్పుడు డెబ్భై దగ్గర పడుతోంది. నాకు అరవైమూడు, మోకాళ్లకి పట్టీలు.

సువోరోవ్ చిన్నప్పుడు బక్కపలచని పిల్లాడు, సైన్యానికి పనికిరాడని తండ్రే అనుకున్నాడట. పన్నెండేళ్లకు రెజిమెంటులో పేరు రాయించారు. కొన్నేళ్లు మామూలు సిపాయిగా చేశాడు, అందుకే సిపాయిల బాధ తెలుసు. పెద్ద హోదా వచ్చాక కూడా గడ్డిమీదే పడుకునేవాడు, కోడిలా కూసి జనాన్ని నిద్ర లేపేవాడు. అరవైకి పైగా యుద్ధాల్లో ఒక్కటీ ఓడలేదంటారు. రష్యా చక్రవర్తి పావెల్ ప్రష్యా పద్ధతి విగ్గులు, పౌడర్లు తెస్తే ‘పౌడర్ తుపాకి మందు కాదు’ అని వెక్కిరించాడట. దాంతో కొలువు పోయింది, 1797లో పల్లెటూరికి పంపేశారు. 1799లో ఫ్రాన్స్‌తో యుద్ధానికి మళ్లీ పిలిపించారు.

ఇంత గొప్పవాడే గానీ, 1790లో ఇజ్‌మాయిల్ అనే తుర్కుల కోట పడ్డాక, మళ్లీ 1794లో వార్సా పక్కనున్న ప్రాగాలో అతని సైన్యం వేలమందిని నరికేసింది. ప్రాగా తర్వాత ఫీల్డ్ మార్షల్‌ని చేశారు. ఆ సంగతి తెలిసి కూడా ఇక్కడికి రావాలనిపించింది. ఎందుకో నాకే సరిగా తెలీదు.

స్మారకం బండను తొలిచి కట్టారు. పన్నెండు మీటర్ల శిలువ, కింద రష్యన్ అక్షరాలు. అల్లుడు ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చేయించాడు. ‘ఇదేంటి మామయ్యగారూ, ఇది ఆయనకి కాదు, ఆయనతో వచ్చి చనిపోయినవాళ్లకి!’ అప్పుడు మొదటిసారి ఫోన్ జేబులో పెట్టి పైకి చూశాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సువోరోవ్ సమాధి మీద ‘ఇక్కడ సువోరోవ్ ఉన్నాడు’ అని మూడు మాటలే ఉంటాయి.

అసలు సంగతేంటంటే, సువోరోవ్ జూరిక్ వైపున్న మరో రష్యన్ సేనాని కోర్సకోవ్ సైన్యాన్ని కలుసుకోవాలని బయల్దేరాడు. మిత్రపక్షమైన ఆస్ట్రియా వాళ్లు ఇస్తామన్న, సామాను మోసే కంచరగాడిదలు రాలేదు, ఐదు రోజులు పోయాయి. ఇక్కడ వంతెన కోసం పోరాడుతున్న రోజే అక్కడ జూరిక్‌లో ఫ్రెంచి సేనాని మసేనా దాడి మొదలైంది, మర్నాటికి కోర్సకోవ్ చిత్తు. ఆ కబురు ఇతనికి తెలిసేసరికి మూటాటాల్ లోయలో చిక్కుకున్నాడు. అక్టోబరులో మంచు నిండిన పానిక్స్ కనుమ మీదుగా, ఫిరంగులన్నీ వదిలేసి బయటపడ్డాడు. ఇరవై ఒక్క వేలమందిలో నాలుగోవంతు దాకా పోయారు. ఓటమెరుగని మనిషికి అన్నిటికంటే పేరు తెచ్చింది ఈ తప్పించుకోవడమే. సేనాపతులందరికీ పైదైన జెనరలిసిమో బిరుదు దీనికే వచ్చింది. ఆర్నెల్లు తిరిగేసరికి మళ్లీ చక్రవర్తికి కోపం వచ్చింది. 1800 మేలో, రాజలాంఛనాల స్వాగతం లేకుండానే రాజధాని చేరి కన్నుమూశాడు.

సాయంత్రం తిరుగు ట్రైన్‌లో ఫ్లూయెలెన్ దాటాక కిటికీ నిండా సరస్సు. సువోరోవ్‌కి దారి ఆగిపోయింది ఇక్కడే. ఒడ్డున రోడ్డు లేదు, పడవలన్నీ ఫ్రెంచివాళ్ల చేతిలో. మా రైలు మాత్రం సొరంగంలోంచి సొరంగంలోకి దూరుకుంటూ పోయింది. అల్లుడు నిద్రపోయాడు. జూరిక్ ఇంకో గంట దూరంలో ఉంది.