గుడి కంటే ముందు చెరువు

పోయిన ఏడు పెతరమాస, అదే మహాలయ అమావాస్య, ఆదివారం నాడు పడింది. ఆ శని, ఆదివారాలు చూసుకుని నా దోస్తు ఒకడు వరంగల్ చూస్తానని బయల్దేరాడు. వాడి ఊరు భీమవరం, ఉద్యోగం నాతోపాటే బెంగళూరులో. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఎప్పుడు తీసుకెళ్తావని నా ప్రాణం తీస్తున్నాడు. తీరా కాజీపేటలో రైలు దిగగానే ఫోన్ తీసి ఒక లిస్టు చూపించాడు. వేయిస్తంభాల గుడి ఒక గంట, కోట ఒక గంట, భద్రకాళి అరగంట, రామప్ప రెండు గంటలు, లక్నవరం చెరువులో వేలాడే వంతెన మీద ఫోటో, మళ్ళీ ఎక్కడో బిర్యానీ. ఈ లెక్కన తిరిగితే కారు సీటు తప్ప ఏదీ గుర్తుండదురా, ఫోన్ లోపల పెట్టు అన్నాను. మన సోషల్ సారు ఎనిమిదో తరగతిలో మనల్ని తిప్పిన తీరులోనే వాణ్ణి తిప్పాను. మన బడి పాత విద్యార్థుల సంచికకు జ్ఞాపకాలు రాయమంటే ఈ ముచ్చట రాస్తున్నది అందుకే.

మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర బస్సు ములుగు దాటకముందే అయిపోయింది. రామప్ప దగ్గర దిగీ దిగగానే అందరం గుడి వైపు ఉరికాం. సారు ఈల వేసి వెనక్కి పిలిచి, వరుసలో నిలబెట్టి, చెరువు కట్ట మీదికి నడిపించారు. ఆ ఎండలో ఎంత తిట్టుకున్నామో. "గుడి ఎక్కడికీ పోదు, ముందు గుడికి అన్నం పెట్టిందాన్ని చూడండి" అన్నారాయన. అప్పుడు అర్థం కాలేదు. కానీ దోస్తుకు ఊరు చూపించాల్సి వచ్చేసరికి నా నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఆయనవే.

శనివారం పొద్దుగాలే హనుమకొండలో బయల్దేరాం. రామప్ప 70 కిలోమీటర్ల లోపే. గూడెప్పాడు, మల్లంపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు, వాటి మధ్యలో పచ్చగా వరి మళ్ళు. ములుగు దగ్గర ఆగి మక్క కంకులు కొనుక్కున్నాం, బొగ్గుల మీద కాల్చి ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చింది ఆమె. సీతాఫలాలు కూడా గంపల్లో ఉన్నాయి గానీ ఇంకా కళ్ళు తెరవలేదు, కొంటే ఇంట్లో బియ్యంలో పెట్టుకోవాల్సిందే. జంగాలపల్లి దగ్గర హైవే దిగి పాలంపేట దారి పట్టాం. గుడి బోర్డు కనబడగానే వాడు సీటు బెల్టు తీశాడు, నేను కారు ఆపకుండా కట్ట వైపు పోనిచ్చాను.

చెరువు నిండుగా ఉంది. కట్ట మీద నిలబడి వాడు మొదట అడిగిన మాట, ఇంత నీళ్ళు ఆపడానికి గోడ ఇంతేనా అని. డెల్టాలో పుట్టినవాడికి కాలువలు తెలుసు, బ్యారేజీ తెలుసు, ఇలా గుట్టల మధ్య వాన నీళ్ళు పట్టుకోవడం కొత్త. అప్పుడు నేను సారు చేసిందే చేశాను. రెండు రాళ్ళు తెచ్చి కొంచెం ఎడంగా పెట్టాను, ఇవి గుట్టలు. మధ్యలో తడిమట్టి తెచ్చి అరచేత్తో గట్టిగా అదిమాను, ఇది కట్ట. నీళ్ళ సీసా తీసి వెనక పోశాను. నీళ్ళు నిలిచాయి, కాసేపటికి నిండి మట్టి మీదుగా పొర్లి కట్ట తెగబోయింది. పక్కన రాయికి ఆనుకుని వేలితో చిన్న గాడి గీస్తే నీళ్ళు అటు మళ్ళాయి, కట్ట బతికింది. ఆ గాడే మత్తడి. గుట్టలే రెండు గోడలైతే మనిషి కట్టాల్సింది మధ్యలోని ఖాళీ ఒక్కటే, అందుకే కట్ట పొట్టి, చెరువు పొడుగు. అలల దెబ్బకు మట్టి కరగకుండా నీళ్ళ వైపు రాతి కట్టడం, పొలాలకు వదలడానికి తూములు, ఎక్కువైన నీళ్ళకు మత్తడి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి పోతాయి, దాన్నే గొలుసుకట్టు అంటాం. ఇదంతా చెప్తుంటే అటుగా గొర్లు తోలుకుపోతున్న పెద్దాయన నిలబడి చూసి, పెద్ద పిల్లలు మట్టితో ఆడుకుంటున్నారని నవ్వి పోయాడు.

గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించాడు, చెరువూ ఆయన తవ్వించిందే. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంనాటిది, లక్నవరమూ కాకతీయులదే. ఆ రాజ్యం 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో పడిపోయింది గానీ ఈ చెరువుల కింద నాట్లు ఈనాటికీ పడుతున్నాయి. నా లెక్కలో కాకతీయుల గొప్ప పని ఇదే, వరంగల్ కోట తోరణాల కంటే కూడా. కోపం వచ్చినవాళ్ళు కలిసినప్పుడు తిట్టండి.

ఆ తర్వాతే గుడికి పోయాం. ఎర్ర ఇసుకరాతి గోడలు, చూరు కింద మదనికలు అనే నల్లరాతి ఆడ శిల్పాలు, లోపల అద్దంలా మెరిసే స్తంభాలు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక అని, పునాది ఇసుక మీద ఉందని గైడు చెప్పాడు, ఇవి నిజాలే. ఎటు నిలబడినా నంది మన వైపే చూస్తుందని కూడా చెప్పాడు, అది మీ ఇష్టం. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనికను చూసి మావాడు పగలబడి నవ్వి ఇంటికి ఫోటో పంపాడు. పైకే చూస్తుంటే నేను కిందికి చూడమన్నాను. గోడ అడుగున చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది కదా, అచ్చం ఒకేలా ఉన్న రెండు ఏనుగులు చూపిస్తే ఇంకు పెన్ను ఇస్తానని సారు పందెం కాశారు. మన క్లాసులో ఎవరికీ రాలేదు ఆ పెన్ను. వీడు వంగి వంగి చూసి నడుం పట్టుకుని లేచాడు. నేనూ పెన్ను కొనాల్సిన పని పడలేదు. ఒక మాట మాత్రం చెప్పాలి, నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టింది ఈ శిల్పాల భంగిమలు చూసి, జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి చదివి. ఆ సంగతి తెలిసి చూస్తే రాతిలో కాలు ఎత్తిన తీరు వేరేగా కనబడుతుంది.

లక్నవరం గురించి పెద్దగా రాయను. వంతెన ఊగింది, ఫోటో దిగాడు, జనం బాగా ఉన్నారు.

ఆదివారం తెల్లవారుజామున అమ్మ ఇద్దరినీ లేపింది. బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే, మార్కెట్లో పూలు బంగారం ధర, పోయి తంగేడు తెండి అని చేతికి సంచి ఇచ్చింది. ఊరి బయట బీడులో తంగేడు విరగబూసి ఉంది, గునుగు పూలేమో పత్తి చేల గట్ల మీద. పసుపు రంగు చేతులకు అంటుకుంటుంటే వాడు చొక్కాకు తుడుచుకున్నాడు, ఆ మరక ఇంకా పోలేదట. ఇంటికొచ్చాక అమ్మ తాంబాలంలో ఆకులు పరిచి, అంచు వెంట తంగేడు, దాని మీద రంగు నీళ్ళలో ముంచిన గునుగు, మళ్ళీ బంతి, అలా వరుసలు పేరుస్తుంటే వీడు కూర్చుని గునుగు కాడలు సమానంగా కత్తిరించి ఇచ్చాడు. ఇంట్లో నేను ఏనాడూ చెయ్యని పని. "నీకంటే వీడే నయం" అని అమ్మ నలుగురి ముందు అన్నది.

మధ్యాహ్నం వరంగల్ కోట. మైదానంలో నాలుగు కీర్తి తోరణాలు, పక్కన ఖుష్ మహల్, చుట్టూ మాత్రం ఊరే. తోరణాల పక్కన పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు, ఇది మ్యూజియమా ఊరా అని వీడు అడిగాడు. రెండూ, మూడు వరుసల కోట లోపల ఇళ్ళూ పొలాలూ ఇప్పటికీ ఉన్నాయి. ఎండ మండిపోతోంది, ఎక్కువసేపు నిలబడలేదు. మీరు ఎవరినైనా తీసుకెళ్తే సాయంత్రం పొండి.

మా సాయంత్రం మాత్రం వేయిస్తంభాల గుడికే. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ళు, శివుడు, విష్ణువు, సూర్యుడు. మనం చదువుకునే రోజుల్లో కల్యాణ మండపం విప్పి రాళ్ళకు నంబర్లు వేసి పెట్టారు కదా, వాటి మధ్య దాగుడుమూతలు ఆడి వాచ్‌మన్‌తో తిట్లు తిన్నాం. 2024లో మళ్ళీ నిలబెట్టి తెరిచారు. ఆ రోజు గుడి ఆవరణలో కాలు పెట్టే సందు లేదు. ఎటు చూసినా పట్టుచీరలు, బతుకమ్మలు, ఉయ్యాలో పాటలు, ఒక గుంపు పాట ఇంకో గుంపు మైకులో కలిసిపోయి గందరగోళం. చప్పట్ల వరస మాత్రం ఎవరూ తప్పరు, ముసలమ్మ కూడా. ఆట అయ్యాక మా వాడకట్టు వాళ్ళంతా పద్మాక్షి గుండానికి పోయి బతుకమ్మలు నీళ్ళలో వదిలారు, నువ్వులూ బెల్లం కలిపిన ఫలారం పంచుకున్నారు. వాడు రెండో పిడికిలి కూడా అడిగి తిన్నాడు.

నీళ్ళు లేని ఏడు ఎక్కడ వేస్తారండీ అని అమ్మను అడిగాడు. "కరువొచ్చిన ఏడు కూడా ఆడినం బిడ్డా. బిందెడు నీళ్ళు గంగాళంలో పోసి అండ్లనే వేసినం. చెరువు నిండిన ఏడు ఆడితే ఆ లెక్కనే వేరు" అన్నది.

సరే, ఈసారి కలిసినప్పుడు అందరం బస్సు మాట్లాడుకుని రామప్పకు పోదామని గ్రూపులో అనుకుంటున్నారు. నా ఓటు ఉంది, కానీ ముందు కట్ట, తర్వాతే గుడి. సారుకు మోకాళ్ళ నొప్పులని, నడవలేరని ఎవరో అన్నారు. కట్ట దాకా కారు పోతుంది, నేను నడిపి చూసిన దారే. ఆయన్ను నా కారులో తీసుకొస్తాను, ఇంకు పెన్ను మాత్రం ఆయన్నే తెచ్చుకోమనండి.