మా వీధి కాలువ కోసం గ్రామసభలో నిలబడ్డాను – నా అనుభవం

మొత్తానికి మా వీధి కాలువకి కాంక్రీటు పడిందండి. నిన్ననే సెంట్రింగ్ చెక్కలు ఊడదీశారు. కోపం, సంతోషం రెండూ వేడి మీద ఉన్నాయి, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను, నెల పోతే మెత్తబడిపోయి సగం దాచేస్తానేమో అని.

మాది రాజాం చుట్టుపక్కల ఒక పల్లె. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లాలో కలిపేశారు, దాంతో మా మావయ్యగారి కాలంలో ఇచ్చిన అర్జీలు ఏ ఆఫీసులో ఉన్నాయో చెప్పేవాళ్ళే లేకపోయారు. మా వీధి పల్లంలో ఉంటుంది. బోరు దగ్గర నీళ్ళు, పై వీధి వాళ్ళ వాడుక నీళ్ళు అన్నీ వచ్చి అంగన్‌వాడీ గుమ్మం ముందు నిలిచిపోతాయి. గెడ్డ (వాగు) వైపు వాలు ఉంది గానీ నీళ్ళు పోయే దారి లేదు. వానాకాలం పిల్లల్ని చంకనేసుకుని ఆ మురుగు దాటించాలి, ఇంటికొకరు జ్వరంతో పడుకుంటారు.

అర్జీ రాయడం, ఇవ్వడం పెద్ద పనేం కాదు. సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ తమ్ముడు మంచోడు, టేపు పట్టుకొచ్చి కొలిచి ఎస్టిమేటు వేసిచ్చాడు. "అక్కా, గ్రామసభ తీర్మానం ఉంటేనే నేను పైకి పంపగలను" అన్నాడు. డబ్బుల్లేవు అని ఎవరైనా అంటే నమ్మకండి, ముందు ఫోన్లో ఇ-గ్రామస్వరాజ్ సైటు తెరిచి మీ పంచాయతీ పేరు కొట్టి చూడండి, లాగిన్ కూడా అక్కర్లేదు, ఈ ఏడాది ఏ పనులు ప్లాన్లో పెట్టారో, ఎంత ఖర్చయిందో ఉంటుంది. కేంద్రం 2021–26కి పంచాయతీలకి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని రూలు. మురుగు కాలువ అంటే పారిశుధ్యం కాదా మరి? నేను చూసేసరికి మా పంచాయతీ ప్లాన్లో పై వీధి పనులే ఉన్నాయి, మా వీధి పేరే లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు మా ఊళ్ళో కూడా టెంటేసి లిస్టు చదివారు, అప్పుడూ లేదు.

ఇక ఆ అక్టోబరు 2 గ్రామసభ గురించి చెప్పాలి.

చాటింపు ముందురోజు సాయంత్రం వేశారు, అదీ పై వీధిలోనే. మాకు పక్కింటి పిన్ని చెప్తే తెలిసింది. పెట్టింది పగలు పదకొండింటికి, ఆడవాళ్ళంతా పొలాల్లో ఉండే టైము. మా డ్వాక్రా సంఘం వాళ్ళలో నలుగురైదుగురం, మా అత్తమ్మ, వెళ్ళాం. కుర్చీల్లో మగవాళ్ళు, మేం కింద. సర్పంచి ఆడమనిషే, ఆమె ఓ పక్కన కూర్చుని ఉంది, మాట్లాడేదంతా ఆమె భర్త. మాట్లాడ్డం అంటే ఏముంది, వచ్చినందుకు సంతోషం, టీ తాగండి, సంతకాలు పెట్టండి, అంతే. రిజిస్టరు మా వైపు వచ్చింది. చూస్తే పైన తేదీ ఒక్కటే ఉంది, కింద పేజీ అంతా ఖాళీ, దాని అడుగున సంతకాలు. "తీర్మానం ఎక్కడండీ?" అన్నాను. "తర్వాత రాస్తాంలే అమ్మా, ముందు పెట్టు" అన్నారు సెక్రటరీ. రాసి చదివి వినిపించండి, మా వీధి కాలువ అందులో ఉంటే పెడతాను అన్నాను.

అంతే, సర్పంచి భర్త లేచాడు. "ఏటమ్మా, మాకే రూల్సు సెప్తావేటి? మీ ఆయన ఏడి? ఆడ్ని రమ్మను, మాట్లాడదాం." మా ఆయన హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్ళాడని ఊరందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. "ఆయన లేకపోతే ఓటరు లిస్టులో నేను లేనా బాబూ, గ్రామసభ అంటే ఓటు ఉన్న అందరూ కదా" అన్నాను. ఎవడో వెనకనుంచి "డ్వాక్రా లోన్లు తీసుకుని లాయర్లయిపోయారు" అన్నాడు, కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. నన్ను అంత పొడిచింది ఆ నవ్వు కాదు. సర్పంచి భర్త మా అత్తమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, నీకు నెలనెలా నాలుగు వేలు వస్తున్నాయి కదా, కోడలికి సెప్పుకో" అన్నాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో కూడా చెల్లి వెంట వచ్చినట్టు నా వెంట వచ్చింది, ఆ మాటతో ముఖం నల్లబడిపోయింది, నా చెయ్యి పట్టి లాగి "పెట్టేయ్ అమ్మీ, ఎల్లిపోదాం" అంది. నేను పెట్టలేదు. మిగతావాళ్ళు పెట్టారు, వాళ్ళని నేనేం అనను, వాళ్ళ భయం వాళ్ళది. ఇంటికి వచ్చాక అత్తమ్మ అన్నం తినలేదు. నాకైతే ఆ రాత్రంతా వాళ్ళ నవ్వే చెవుల్లో.

పెన్షను ప్రభుత్వం ఇచ్చేది, ఎవరి జేబులోదీ కాదు. ముసలివాళ్ళ ముద్దని చూపించి నోరు మూయించే మనిషి ఊరికి పెద్దెలా అవుతాడు? మన రాష్ట్రంలో పంచాయతీల్లో 50 శాతం ఆడవాళ్ళకే రిజర్వేషను, అది కుర్చీ కోసం ఇచ్చారా, మాట కోసం ఇచ్చారా? గెలిచినావిడ మాట్లాడకపోతే మనమే అడగాలి "అమ్మా, మీరు చెప్పండి" అని. నేను ఆ తర్వాతి గ్రామసభలో అలాగే అడిగాను, ఆవిడ మాట్లాడింది కూడా, చక్కగా మాట్లాడింది.

తర్వాత ఏం చేశానంటే, సమాచార హక్కు చట్టం కింద ఆ గ్రామసభ తీర్మానాల నకలు, హాజరు పట్టీ నకలు అడిగాను. గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు, ఆ పైన 10. కాపీలకి పేజీకి 2 రూపాయలు. చేతికిస్తే తీసుకోలేదు, "ఇలాంటివి ఇక్కడ తీసుకోం" అన్నారు, రాజాం వెళ్ళి అక్నాలెడ్జిమెంటుతో రిజిస్టర్డ్ పోస్టు చేశాను. చేతికి ఇచ్చి బతిమాలుకోకండి, పోస్టు చేయండి, అది వాళ్ళకి అందిన రోజు నుంచి 30 రోజుల లెక్క మొదలైనట్టే. గడువు దాటితే కాపీలు ఉచితంగా ఇవ్వాలి, పై అధికారికి మొదటి అప్పీలు కూడా పెట్టుకోవచ్చు. నాకు అంత దూరం పోలేదు, గడువు లోపే కాగితాలొచ్చాయి.

అందులో మా వీధి లేదు. "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది. హాజరు పట్టీలో మా సంఘం వదిన పేరు ఎదురుగా వేలిముద్ర ఉంది. ఆవిడ పదో తరగతి పాసు, బ్యాంకులో సంతకం పెడుతుంది, పైగా ఆ రోజు వాళ్ళ పుట్టింట్లో ఉంది, ఊళ్ళోనే లేదు! ఆ కాగితం పట్టుకుని ఆవిడే నాతో మండల ఆఫీసుకి వచ్చింది, ఆ సోమవారం విజయనగరం కలెక్టరాఫీసు అర్జీల దగ్గరకీ వచ్చింది. అక్కడ అర్జీ తీసుకుని నంబరు ఇస్తారు, ఆ నంబరు పారేసుకోకండి. మా సంఘం లెక్కల పుస్తకం ఇన్నేళ్ళుగా నేనే రాస్తున్నాను, బ్యాంకువాళ్ళు ఒక్క అంకె తప్పు పట్టలేదు, అందుకే నా దగ్గర ప్రతి కాగితం తేదీవారీగా ఉంది, మండల ఆఫీసులో సారు ఒక్కోటి తిరగేసి చూసి సెక్రటరీకి అక్కడికక్కడే ఫోన్ చేశారు.

ఆ తర్వాతి గ్రామసభ సాయంత్రం పూట పెట్టారు, మేం అడిగాం గనక. చాటింపు మా వీధిలో కూడా వేశారు. మా సంఘాల ఆడవాళ్ళు అరుగు నిండా కూర్చున్నారు, కాలువ తీర్మానం రాసి, సర్పంచి గారే చదివి వినిపించాకే సంతకాలు పెట్టాం. మా అత్తమ్మ వేలిముద్ర అందరికంటే పైన ఉంది. ఆమె పెన్షను ఒక్క నెల కూడా ఆగలేదు, ఈ మాట ముఖ్యంగా భయపడేవాళ్ళ కోసం రాస్తున్నాను. మంజూరు, పని మొదలవడం మామూలుగానే జరిగిపోయాయి, సిమెంటు దగ్గర మాత్రం వంతులవారీగా మా వాళ్ళే కాపలా కూర్చున్నారు.

కాలువ చివర గెడ్డలో కలిసే చోట కొంచెం ముక్క వదిలేశారు, బిల్లు మాత్రం పూర్తి పొడవుకి పెడుతున్నారని విన్నాం. కొలతల పుస్తకం నకలు కోసం దరఖాస్తు రాసి పెట్టాను, రేపు పోస్టు చేస్తాను. ఈసారి కింద వదిన సంతకం కూడా ఉంది.