తొంభై శాతం అన్నాడుగా!

నిన్న రాత్రి కంప్యూటర్‌లో రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే సివిలైజేషన్ 4 ఆట ఆడుతుంటే నా నైట్ (గుర్రపు యోధుడు) ఒకడు, అప్పటికే సగం చచ్చిన విలుకాడి చేతిలో పోయాడు. దాడికి ముందు గెలుపు అవకాశం 90 శాతమని చూపించింది. "ఇది పచ్చి మోసం" అని అరిస్తే పక్క గదిలోంచి మా ఆవిడ "ఇక పడుకోండి" అంది. పడుకుంటానా! సేవ్ చేసిన ఆట తెరిచి మళ్లీ అదే దాడి చేశాను, అదే చావు. మూడోసారీ అంతే. ఈ ఆటలో మామూలు సెట్టింగుల్లో ర్యాండమ్ సీడ్ (గెలుపోటములు తేల్చే అంకెల వరసకి మూలమైన సంఖ్య) కూడా సేవ్ అవుతుంది, అంటే పాచిక ఎప్పుడో పడిపోయింది, నేను దాన్నే తిరిగి తిరిగి చూస్తున్నానన్నమాట.

కాగితం మీద లెక్కేస్తే అసలు సంగతి తేలింది. 90 శాతం చొప్పున పది దాడులు చేస్తే పదికి పదీ గెలిచే అవకాశం 35 శాతమే. నేనేమో ఒక్క నైట్ కూడా పోకూడదన్నట్టు ప్లాన్ వేసుకుంటాను.

ఈ జబ్బు నాదొక్కడిదే కాదులెండి. ఈ ఆటల సృష్టికర్త సిడ్ మైయర్ 2010లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఇదే చెప్పారు: బలం తమకు మూడు, ఎదుటివాడికి ఒకటి ఉన్నప్పుడు ఓడితే ఆటగాళ్లు గోల పెట్టేవాళ్లు, అదే బలం తమకు ఒకటి, ఎదుటివాడికి మూడు ఉన్నప్పుడు గెలిస్తే మాత్రం అంతా తమ తెలివే అనుకునేవాళ్లు. చివరికి వాళ్ల కోసం ఇదే వరసలోని సివిలైజేషన్ రివల్యూషన్ అనే ఆటలో లెక్కలే సర్దాల్సొచ్చిందట.

నాకు ఎదురుగా ఆడే కంప్యూటర్‌కి ఎక్కువ సాయం దొరకదని కాదు. కష్టమైన లెవెల్స్‌లో దానికి అన్నీ తక్కువ ఖర్చుకే వస్తాయి, మొదట్లోనే అదనంగా సైన్యం ఉంటుంది. అది దాచిపెట్టిన సంగతేం కాదు, నేనే ఆ లెవెల్ ఎంచుకుని కూర్చుని పాచికల్ని తిడుతుంటాను.

చిన్నప్పుడు అమ్మమ్మతో అష్టాచెమ్మా ఆడితే గవ్వలు నాకే బాగా పడేవి, గెలిచేది మాత్రం ఆవిడే. నేను ఒకే కాయని పరుగెత్తించి, ఇంటికి రెండు గళ్ల దూరంలో చంపించుకునేవాణ్ణి. ఆవిడ రెండు మూడు కాయలు ఎవరూ చంపలేని కట్టుగళ్లలో ఉంచి, ఏ పందెం పడినా ఏదో ఒకటి నడిపేలా చూసుకునేది. అష్టా పడాలని ఆవిడ దేవుడికి మొక్కడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

సివిలైజేషన్‌లో ఆ కట్టుగళ్ల పని చేసేవి కాటపుల్ట్‌లు, అంటే రాళ్లు విసిరే యంత్రాలు. ముందు వాటిని పంపితే పోయినా పోతాయి, కానీ పోతూ పోతూ శత్రువు ఊళ్లో ఉన్న సైన్యంలో చాలామందికి ఒకేసారి గాయాలు చేస్తాయి, ఆ తర్వాత నైట్లు ఒకరిద్దరు ఓడినా ఊరు దక్కుతుంది. నాకేమో వాటిని కట్టడమంటే బద్ధకం, మెల్లగా నడుస్తాయని చిరాకు.

ఇవాళ నాలుగు కట్టించి తీసుకెళ్లాను. మొదటిది బతికే ఛాన్స్ 30 శాతం అని చూపించింది, అది కాస్తా గీత పడకుండా బయటికొచ్చింది. అప్పుడు మాత్రం మోసం అనలేదులెండి.