నిలువునా అన్నీ ఐదులే

మంగళవారం. ఓపీ ముగిసేసరికి మూడు దాటింది. డిపార్ట్‌మెంట్ గదిలో కూర్చుని మా జనరల్ మెడిసిన్ పీజీలు నింపిన ఫీడ్‌బ్యాక్ ఫారాలు ముందేసుకున్నాను. చాలావాటిలో పైనుంచి కిందదాకా ఐదుకి ఐదే. బోధన ఐదు, పర్యవేక్షణ ఐదు, డ్యూటీ వేళలు కూడా ఐదే! రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున రౌండ్స్‌లో నిద్ర ఆపుకుంటూ నిలబడే పిల్లలు డ్యూటీ వేళలకు ఐదు వేశారంటే అది భయమే. థీసిస్ మీద సంతకం పెట్టేది మేమే, ప్రాక్టికల్స్‌లో ఎదురుగా కూర్చునేదీ మేమే. పైగా యూనిట్‌కి ముగ్గురో నలుగురో. పేరు రాయకపోయినా చేతిరాత పట్టిస్తుంది.

ఒక్క ఫారంలో మాత్రం చివర ఖాళీలో రెండు లైన్లున్నాయి. "రాత్రి ఏబీజీ శాంపిల్ పట్టుకుని పక్క బ్లాక్‌లోని ల్యాబ్‌కి మేమే పరిగెత్తాలి. ఆ పావుగంట వార్డులో హౌస్ సర్జన్ ఒక్కరే ఉంటారు."

ఏబీజీ అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పరీక్ష. హౌస్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాళ్లు. పొద్దున మాకు కనిపించేది కేస్‌షీట్‌కి పిన్ చేసిన రిపోర్టు ఒక్కటే. ఆక్సిజన్ పడిపోతున్న పేషెంట్ పక్కన ఉండి నేర్చుకోవాల్సిన సమయం వరండాలో పరుగుకి పోతోంది. పేషెంట్‌కీ ప్రమాదమే.

ఒక సీనియర్ ప్రొఫెసర్ ఆ ఫారం తీసి చూసి, "ఎవరు రాశారమ్మా ఇది, థర్డ్ ఇయర్ వాళ్లా?" అన్నారు.

"ఎవరైతే ఏం సార్, రాసింది నిజమా కాదా చూద్దాం" అన్నాను. రాసినవాళ్లను వెతకడం మొదలైతే వచ్చే ఏడాది ఆ రెండు లైన్లు కూడా ఉండవు.

బ్రిటన్‌లో శిక్షణలో ఉన్న డాక్టర్లను 2006 నుంచి ఇలా సర్వే చేస్తున్నారు, ఇప్పుడా పని డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ చూస్తోంది. ఒకచోట జవాబిచ్చినవాళ్లు ముగ్గురికన్నా తక్కువైతే ఆ ఫలితం బయటపెట్టరు. మా ఫారాలకి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. యూనిట్లవారీగా కాకుండా మూడేళ్ల పీజీలవీ కలిపి చూడాలి, కాగితం మీద కాకుండా ఫోన్‌లో నింపించాలి. పరీక్షలు పాసై వెళ్లిపోయిన బ్యాచ్‌ని కూడా అడగాలి. వాళ్లకి మాతో పని లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతారు.

మన దగ్గరా భయం లేకుండా అడిగితే చెప్తారు. 2024లో వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఆన్‌లైన్‌లో అడిగినప్పుడు 5,337 మంది పీజీలు జవాబిచ్చారు. వారానికో సెలవు దొరకడం లేదని సగానికి పైగా చెప్పారు. 2023 పీజీ నిబంధనల్లో ఆ సెలవు రాసే ఉంది మరి.

సాయంత్రం మా డిపార్ట్‌మెంట్ హెడ్ హెచ్‌ఓడీ సార్‌కి ఆ రెండు లైన్లు వేరే కాగితం మీద టైప్ చేసి చూపించాను. ఆయన వెంటనే ఆసుపత్రి నిర్వహణ చూసే ఆర్‌ఎంఓకి ఫోన్ చేశారు. రాత్రిపూట మా బ్లాక్‌కి ఒక అటెండర్‌ని వేస్తామన్నారు. ఆర్డర్ రాగానే డ్యూటీ రూమ్ నోటీసు బోర్డులో పెట్టాలి, ఫీడ్‌బ్యాక్‌లో మీరు అడిగినందుకే ఇది వచ్చిందని రాసి మరీ. వారం సెలవు సంగతి శుక్రవారం మీటింగ్‌లో నేనే ఎత్తుతాను.

ఇంకొకటి. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో రెసిడెన్సీ చేసి వస్తున్నారు, మా ఫారంలో దాని గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. అక్కడ ఎవరు నేర్పారు, రాత్రి కష్టమైన కేసు వస్తే ఎవరికి ఫోన్ చేశారు, ఉండటానికి గది ఇచ్చారా? ఈ మూడూ రేపు కలపాలి.